వాసన, ఘాటు, చేదు: తాళపత్ర రక్షణ ద్రవ్యాలను కీటకాలు గుర్తించి తొలగిపోయే విధానం

వసుచరిత్రలో స్త్రీ నాసికను వర్ణించే పద్యం ఒకటి సుప్రసిద్ధం. తుమ్మెద సకల పుష్పాల గంధాన్ని గ్రోలుతూ తన్ను మాత్రం ఏల సమీపించదని సంపెంగ ఖేదపడి, అడవిలో తపస్సు చేసి, స్త్రీ నాసికగా జన్మించి, అన్ని పూల సౌరభాలకు నెలవై, చూపులనే తుమ్మెదలను ఇరుప్రక్కల నిలుపుకొన్నదని అందలి భావం. ఈ పద్యం నంది తిమ్మనదేననీ, దానివల్లనే ఆయనకు ముక్కు తిమ్మన అనే ప్రసిద్ధి వచ్చిందనీ పండితులలో ఒక ఐతిహ్యం ఉన్నది. తుమ్మెద సంపెంగ దరి చేరదనడం కవిసమయం. ప్రకృతిశాస్త్రం సంపెంగను మగ్నోలియా కుటుంబంలో చేర్చింది. ఈ కుటుంబపు పూలలో పరాగసంపర్కం ప్రధానంగా పెంకుపురుగుల వలన జరుగుతుంది. కవిసమయం ఎంతవరకు యథార్థమన్న చర్చ అటుంచితే, పద్యం లేవనెత్తిన ప్రశ్న మాత్రం విచారణీయం. ఒక ప్రాణికి ప్రియమైన గంధం మరొక ప్రాణిని ఎందుకు దూరం చేస్తుంది?

ప్రాచ్య గ్రంథాలయాలకు ఈ ప్రశ్న కావ్యచర్చతో ముగిసేది కాదు. తాళపత్ర గ్రంథాలను పురుగుల బారినుండి కాపాడటానికి పూర్వులు ఆశ్రయించినది గంధద్రవ్యాలనే. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో వస, కరిజీలకర్ర, దాల్చినచెక్క, లవంగాలు, మిరియాలు, కర్పూరం కలిపి పొడిచేసి, గుడ్డలో మూటగట్టి గ్రంథాల నడుమ ఉంచే సంప్రదాయం ఉన్నది. తాటాకు కమ్మలకు నిమ్మగడ్డి తైలం పూయడం, అరలలో వేపాకు పరచడం పలుచోట్ల కనిపిస్తాయి. ఈ ద్రవ్యాలన్నీ ఒకే విధంగా పనిచేస్తాయని సాధారణంగా భావిస్తారు. గత మూడు దశాబ్దాల కీటకఘ్రాణ పరిశోధన ఈ భావనను సవరించింది. తెలుగు భాష వాసన, ఘాటు, చేదు అని మూడు మాటలతో వేరుచేసినట్లే కీటకశరీరం కూడా వీటిని మూడు వేర్వేరు మార్గాలలో గ్రహిస్తుంది. ఏ ద్రవ్యం ఏ మార్గాన పనిచేస్తుందో తెలిస్తేనే దానిని ఎక్కడ ఉంచాలో, ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. ఆ వివేచనే ఈ వ్యాసపు ప్రయోజనం.

గంధం, గంధవాహకం

న్యాయవైశేషికులు గంధాన్ని పృథివికి విశేషగుణంగా నిరూపించారు. తర్కసంగ్రహకారుడు పృథివికి చెప్పిన లక్షణం గంధవత్త్వమే. గాలిలో, నీటిలో తోచే వాసన వాటి స్వంతం కాదనీ, వాటితో కలిసివచ్చిన పార్థివాంశాలదేననీ ఆ శాస్త్రపు సిద్ధాంతం. ద్రవ్యంలోని అంశం వచ్చి ఇంద్రియాన్ని చేరనిదే గంధజ్ఞానం కలగదన్న ఈ మేరకు ఆధునిక రసాయనశాస్త్రం ఏకీభవిస్తుంది. లవంగం వాసన వచ్చిందంటే లవంగంలోని యూజెనాల్ అనే పదార్థపు అణువులు ఆవిరై గాలిలో కలిశాయని అర్థం. కర్పూరం కరిగి ద్రవం కాకుండానే ఆవిరై తరిగిపోవడం అందరూ ఎరిగినదే. ఈ పోలికను ఇంతకు మించి సాగదీయడం ఉచితం కాదు. అణువు అన్న మాటను వైశేషికులు వాడిన అర్థం వేరు, నేటి రసాయనశాస్త్రం వాడే అర్థం వేరు.

గంధాన్ని సురభి, అసురభి అని ద్వివిధంగా విభజించడం కూడా శాస్త్రసంప్రదాయమే. మానవఘ్రాణానికి ఈ విభాగం సరిపోతుంది. కీటకాల విషయంలో మాత్రం గ్రహించే ప్రాణిని బట్టి విభాగం మారిపోతుంది. తొలకరి చినుకులకు లేచే మట్టివాసనలో ప్రధానాంశం జియోస్మిన్. నేలలోని సూక్ష్మజీవులు దానిని పుట్టిస్తాయి. మనుషులకు అది ఆహ్లాదకరం. పండ్లపై ముసిరే చిన్న ఈగ అయిన డ్రోసోఫిలాకు అది చెడిపోయిన ఆహారానికి గుర్తు. ఆ ఈగ జియోస్మిన్‌ను ఒకే ఒక రకపు గ్రాహకంతో పసిగట్టి, వెంటనే తొలగిపోతుందని 2012లో నిరూపితమైనది. ఏడిస్ ఈజిప్టి దోమ ఆడది అదే వాసనకు ఆకర్షితమై గ్రుడ్లు పెట్టడానికి వస్తుందని 2020లో వెల్లడైనది. గంధం ఒక్కటే. మనిషి ఆస్వాదిస్తాడు, ఈగ పారిపోతుంది, దోమ చేరవస్తుంది. కాబట్టి వికర్షణ అనేది ద్రవ్యంలో మాత్రమే ఉన్న గుణం కాదు. అది ద్రవ్యానికీ, దానిని గ్రహించే కీటకానికీ ఉన్న సంబంధం.

ముక్కు లేని ఘ్రాణం

ఘ్రాణేంద్రియం నాసాగ్రంలో ఉంటుందని తర్కగ్రంథాలు చెబుతాయి. కీటకానికి ముక్కు లేదు. శరీరపు ప్రక్కలనున్న రంధ్రాల ద్వారా గాలి పీల్చుకుంటుంది. ఆ గాలికీ వాసనకూ సంబంధం లేదు. కీటకం వాసన చూసేది ప్రధానంగా తలపైనున్న స్పర్శశృంగాలతో, అనగా వాడుకలో మీసాలతో. వాటిపై కంటికి కనరాని సూక్ష్మరోమాలు వందలు, వేలు ఉంటాయి. ఘ్రాణానికి పనికివచ్చే రోమాల గోడలకు అతిసూక్ష్మ రంధ్రాలున్నాయి. రోమం లోపల ఒక ద్రవం, అందులో నాడీకణాల కొసలు ఉంటాయి.

గంధాణువు రంధ్రం గుండా లోపలికి చేరుతుంది. గంధాణువులు చాలావరకు తైలస్వభావం కలవి కనుక ద్రవంలో సులభంగా కరగవు. అందుండే కొన్ని ప్రోటీన్లు వాటిని నాడీకణపు కొసకు చేర్చడంలో తోడ్పడతాయి. ఆ కొస పైపొరలో గ్రాహకమనే ప్రోటీన్ ఉంటుంది. డ్రోసోఫిలా ఈగలో ఈ గ్రాహకాలను 1999లో మొదటిసారి గుర్తించారు. ఆ ఈగలో వాటి రకాలు 60 మాత్రమే. 2006లో తేనెటీగ జన్యుపటం వెలువడినప్పుడు అందులో సుమారు 170 కనిపించాయి. ప్రతి గ్రాహకానికి తోడుగా ‘ఆర్కో’ అనే సహగ్రాహకం ఉండాలనీ, అది లోపిస్తే ఈగ చాలా వాసనలను గుర్తించలేదనీ 2004లో తేలింది. గ్రాహకమూ సహగ్రాహకమూ కలిసి నాడీకణపు పొరలో ఒక ద్వారం వలె పనిచేస్తాయని 2008లో స్పష్టమైనది. గంధాణువు తగిలితే ద్వారం తెరుచుకుంటుంది, విద్యుదావేశం గల అయాన్లు లోనికి ప్రవహిస్తాయి, నాడీకణం సంకేతం పంపుతుంది. మానవనాసికలోని గ్రాహకాల నిర్మాణం ఇందుకు పూర్తిగా భిన్నమైనది.

సంకేతం మెదడుకు చేరినంత మాత్రాన కీటకం తొలగిపోతుందని చెప్పరాదు. ఒకే రకపు గ్రాహకం గల నాడీకణాలన్నీ మెదడులో ఒకే గుచ్ఛానికి చేరుతాయి. ఏయే గుచ్ఛాలు ఏ మేరకు ఉత్తేజితమైనవన్న దానిని బట్టి సమీపించడమో, విముఖత చూపడమో నిర్ణయమవుతుంది. స్పర్శశృంగానికి సన్నని తీగలు తగిలించి విద్యుత్స్పందనను కొలిచే పద్ధతిని జర్మన్ శాస్త్రజ్ఞుడు డీట్రిష్ ష్నైడర్ 1957లో ప్రకటించాడు. ఈ పద్ధతి కీటకం వాసన పసిగట్టిందా అన్న దానికి మాత్రమే సమాధానమిస్తుంది. అది తొలగిపోతుందా అన్నది వేరుగా పరీక్షించవలసినదే. ఈ భేదాన్ని మరచి చేసిన నిర్ణయాలు మూలికల విషయంలో అనేకం.

వాసన: లవంగపు సాక్ష్యం

తంజావూరు మూటలోని ద్రవ్యాలలో లవంగానికి ఇటీవల ఒక విశేష సాక్ష్యం లభించింది. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కీటకఘ్రాణ గ్రాహకం గంధాణువును ఎట్లా పట్టుకుంటుందో పరమాణుస్థాయిలో చూపే చిత్రాన్ని 2021లో ప్రకటించారు. వారు తీసుకున్న కీటకం మాకిలిస్ అనే రెక్కలు లేని ప్రాచీనజాతి పురుగు. గ్రంథాలయాలలో కాగితాన్నీ జిగురునూ గీరితినే వెండిపురుగునూ దీనినీ పూర్వపు వర్గీకరణలో ఒకే గణంలో చేర్చేవారు. వారు గ్రాహకంతో జతచేసి చూసిన అణువులు రెండు. ఒకటి లవంగంలోని యూజెనాల్. రెండవది దోమల లేపనాలలో వాడే డీట్ అనే కృత్రిమ రసాయనం.

ఈ జాతిలో ఆర్కో లేదు. గ్రాహకపు నాలుగు భాగాలు ఒకటిగా కూడి నడుమ ఒక ద్వారాన్ని ఏర్పరుస్తాయి. ఒక్కొక్క భాగంలో లోతైన ఒక చిన్న గూడు ఉన్నది. యూజెనాల్ ఆ గూటిలో ఇమడగానే నడుమ ద్వారం విచ్చుకుంటుంది. డీట్ కూడా ఆ గూటిలోనే ఇముడుతుంది. రెండింటి ఆకారాలు వేరైనా ఒకే గూడు రెండింటినీ స్వీకరించడానికి కారణం ఉన్నది. గూటి గోడలు అణువును ఒక నిర్దిష్టమైన కొక్కెంతో బంధించవు. తైలస్వభావపు సాధారణ ఆకర్షణతోనే నిలుపుతాయి. అందువలన పరిమితసంఖ్య గల గ్రాహకాలతోనే కీటకం అసంఖ్యాక గంధాలను గుర్తించగలుగుతున్నది. వేర్వేరు మొక్కలు వేర్వేరు అణువులతో ఒకే జాతి పురుగును కలతపెట్టగలగడం కూడా దీనివల్లనే సుబోధమవుతుంది.

అయితే ఇది గ్రాహకం తెరుచుకోవడానికి సాక్ష్యం. వెండిపురుగు లవంగాన్ని చూచి పారిపోతుందనడానికి ప్రత్యక్షసాక్ష్యం కాదు. ఒక కీటకంలో తేలిన విషయాన్ని మరొక కీటకానికి అన్వయించడంలో ఎంత జాగ్రత్త అవసరమో దోమల పరిశోధన తెలుపుతుంది. ఏడిస్, క్యూలెక్స్ దోమలు డీట్ వాసనను పసిగట్టి తొలగిపోతాయని అంతకుముందు పరీక్షలలో కనిపించింది. ఆఫ్రికాలో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ దోమ ఒకదానిపై 2019లో ప్రకటించిన పరిశోధనలో నిమ్మగడ్డి తైలమూ యూజెనాలూ దాని ఘ్రాణనాడులను ఉత్తేజపరచినవి. డీట్ మాత్రం వాటిని కదిలించలేదు. అది చర్మపు వాసనలు ఆవిరి కాకుండా తగ్గించి, మనిషిని ఆ దోమకు మరుగుచేసినది. మొదటిది వెళ్లగొట్టే పద్ధతి, రెండవది దాచే పద్ధతి.

ఘాటు: రెండవ మార్గం

ఆవపిండి ముక్కుకెక్కినప్పుడు కలిగేది వాసన మాత్రమే కాదు, మంట. మానవశరీరంలో ఈ మంటను గ్రహించే ప్రోటీన్‌ను టి.ఆర్.పి.ఎ.1 అంటారు. ఇది ఘ్రాణగ్రాహకాల కుటుంబానికి చెందదు. గాయపరచగల రసాయనాలను పసిగట్టే హెచ్చరిక వ్యవస్థలో భాగం. ఇటువంటి ప్రోటీన్ కీటకాలలోనూ ఉన్నది. సిట్రోనెల్లా గడ్డి తైలంలోని సిట్రోనెల్లాల్‌ను డ్రోసోఫిలా ఈగ తప్పించుకోవడంలో ఘ్రాణగ్రాహకాలతోపాటు ఈ ప్రోటీన్ పాత్ర కూడా ఉన్నదని 2010లో తేలినది. తులసి కుటుంబానికి చెందిన కాట్నిప్ అనే మొక్క విషయంలో సాక్ష్యం మరింత స్పష్టం. ఈ ప్రోటీన్ లేకుండా చేసిన ఏడిస్ దోమలు కాట్నిప్‌ను తప్పించుకోలేదని 2021లో ప్రకటించారు.

అనగా ఒకే మొక్క నుండి వెలువడే ఆవిరి రెండు ద్వారాలను తట్టవచ్చును. ఒకటి ‘ఇది ఫలానా పదార్థం’ అని తెలిపే ఘ్రాణద్వారం. మరొకటి ‘ఇది బాధించేది’ అని తెలిపే ఘాటుద్వారం. వసకు సంస్కృతంలో ఉగ్రగంధ అన్న పర్యాయపదం ఉన్నది. గంధంలోని ఉగ్రత్వాన్ని వేరుగా గుర్తించిన ఆ నామకరణం ఈ సందర్భంలో స్మరణీయం.

వస దుంపలోని ప్రధాన ద్రవ్యం బీటా అసరోన్. దీని ప్రభావం వికర్షణతో ఆగదు. ఇది కీటకాలలో సంతానోత్పత్తిని నిరోధిస్తుందని భారతీయ శాస్త్రజ్ఞులు 1977లో నేచర్ పత్రికలో ప్రకటించారు. మూటలోని ద్రవ్యాలలో వస స్థానం విశిష్టమైనదనడానికి ఇది ఆధారం. అదే కారణంగా దానిని నిర్వహించేవారు జాగరూకత వహించాలి. అమెరికాలో 1968 నుండి వసను ఆహారపదార్థాలలో నిషేధించారు. వసపొడి చేసేటప్పుడు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవడం, పిదప చేతులు కడుగుకోవడం అవసరం.

చేదు: వేప విషయం

వేప ఈ రెండు మార్గాలకూ భిన్నమైనది. 1959లో సూడాన్‌లో మిడతల దండు చెట్లన్నింటినీ మోడుచేసి, వేపచెట్లను మాత్రం విడిచిపోవడాన్ని జర్మన్ కీటకశాస్త్రజ్ఞుడు హైన్రిష్ ష్ముట్టరర్ గమనించాడు. 1962లో ఢిల్లీలో మిడతలు దిగినప్పుడు భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞుడు ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల పప్పును నీటిలో కలిపి పైరుపై చల్లి, పైరు దక్కడం చూపారు. మిడతలు మొక్కలపై వ్రాలినవి, కాని తినలేదు. ఈ చివరి మాట కీలకం. వాసనకే తొలగిపోయి ఉంటే అవి వ్రాలి ఉండవు.

1968లో వేపగింజ నుండి వేరుచేసిన అజాడిరక్టిన్ అనే పదార్థం ఇందుకు ముఖ్యకారణం. దానిని కీటకం నోటిభాగాలలోని రుచిగ్రాహకాలు గుర్తించి భోజనాన్ని ఆపుతాయి. అజాడిరక్టిన్ అణువు చాలా పెద్దది. యూజెనాల్ అణుభారం 164 కాగా దీనిది 720. ఇంతటి అణువు ఆవిరై గాలిలో ప్రయాణించదు. వేపాకుకు స్వల్పంగా వాసన ఉన్నా, అజాడిరక్టిన్ ప్రభావం మాత్రం పురుగు నోటికి తగిలినప్పుడే కలుగుతుంది. పైగా అజాడిరక్టిన్ అధికంగా ఉండేది గింజలో, ఆకులో కాదు. కాబట్టి అరమూలలో పరచిన ఎండు వేపాకు దూరాన ఉన్న గ్రంథాన్ని కాపాడుతుందని భరోసా పెట్టుకోరాదు. వేప పైరును కాపాడిన పద్ధతి వేరు, పెట్టెలో ఆకు ఉంచే పద్ధతి వేరు.

మూట చేయగలది, చేయలేనిది

పై విచారణవల్ల తాళపత్ర రక్షణకు సంబంధించి మూడు అంశాలు సిద్ధిస్తాయి.

మొదటిది కాలపరిమితి. వాసన, ఘాటు రెండూ ఆవిరి ద్వారానే పురుగును చేరుతాయి. ఆవిరి ఆగితే రక్షణ ఆగినట్లే. మూటలోని ద్రవ్యాలు సమానవేగంతో ఆవిరి కావు. కర్పూరం త్వరగా పోతుంది, యూజెనాల్ నెమ్మదిగా, అసరోన్ మరింత నెమ్మదిగా వెలువడుతాయి. బహుద్రవ్యయోగం వలన మూట ఒక్కసారిగా నిర్వీర్యం కాదు. కాని ఎప్పటికో ఒకప్పటికి కాకతప్పదు. శరీరానికి పూసే లేపనాలపై 2002లో అమెరికాలో వెలువడిన పరీక్షాఫలితాలు ఇందుకు నిదర్శనం. 23.8 శాతం డీట్ గల లేపనం సుమారు 5 గంటలు దోమలను ఆపగా, సోయానూనెతో చేసినది గంటన్నర పాటు ఆపింది. మిగిలిన వృక్షజన్య లేపనాలు 20 నిమిషాలు కూడా నిలువలేదు. వెచ్చని చర్మానికీ మూసిన పెట్టెకూ పోలిక లేదన్నది నిజమే. అందుకే గ్రంథాన్ని వస్త్రంలో గట్టిగా చుట్టి పెట్టెలో ఉంచే ఆచారం రక్షణలో సగభాగం. ఆవిరిని నిలిపి ఉంచేది ఆ చుట్టే.

రెండవది స్థానపరిమితి. తాటాకును తొలిచేది పెంకుపురుగు పిల్ల. రామబాణమని జనవ్యవహారంలో ఉన్న పేరు ఈ తొలిచే పురుగులకే. తల్లిపురుగు గ్రుడ్లు పెట్టే చోటును ఎన్నుకునేటప్పుడు ఘ్రాణం పనిచేస్తుంది. మూట ప్రభావం చూపగలిగేది ఆ దశలోనే. గ్రుడ్డు పొదిగి, పిల్ల కమ్మలోపలికి తొలుచుకుపోయిన తరువాత దాని ఇల్లూ ఆహారమూ అదే. బయటి వాసన దానిని వెడలగొట్టదు. కమ్మల నుండి సన్నని పొడి రాలుతున్న గ్రంథానికి క్రొత్త మూట చేర్చడం చికిత్స కాదు. అటువంటి గ్రంథాన్ని ముందు వేరుచేసి, గాలిచొరని సంచిలో ఉంచి ప్రాణవాయువును తొలగించడం వంటి పద్ధతులతో పురుగును నిర్మూలించాలి. మూట అవసరం ఆ తరువాతనే.

మూడవది అభ్యాసం. ఏడిస్ దోమలకు డీట్ ఒకసారి తగిలిన మూడు గంటల తరువాత అదే వాసన వాటిని అంతగా ఆపలేదని 2013లో ప్రకటితమైనది. వాసన సందేశమే కాని విషం కాదు. నిత్యం వినబడే సందేశాన్ని ప్రాణి లక్ష్యపెట్టకపోవచ్చును. మానవనాసిక కూడా ఈ దోషానికి అతీతం కాదు. గ్రంథభాండాగారంలో రోజంతా పనిచేసేవారికి మూట వాసన తెలియకుండా పోతుంది. కనుక మూట బలం ముక్కుతో నిర్ణయించక, కట్టిన తేదీని చీటీపై వ్రాసి మూటకు తగిలించడం మేలు.

ఉపసంహారం

పూర్వుల మూటను నిష్ప్రయోజనమని త్రోసిపుచ్చడం గాని, అది సర్వరక్షకమని విశ్వసించడం గాని ఈ పరిశోధనల వెలుగులో నిలువవు. లవంగపు అణువు ఒక ప్రాచీన కీటకజాతి ఘ్రాణద్వారాన్ని తెరుస్తున్నదని నేడు కంటికి కట్టినట్లు తెలిసినది. వస కీటకసంతానాన్ని అరికట్టగలదని తెలిసినది. అదే సమయంలో వేప వాసనకు కాక రుచికి సంబంధించినదని, ఏ గంధమూ శాశ్వతం కాదని కూడా తెలిసినది. సంప్రదాయంలో మూట ఒంటరిగా లేదు. గ్రంథాన్ని విప్పి చూడటం, కమ్మలు తుడవడం, తైలం పూయడం, తిరిగి చుట్టి కట్టడం దానితో కలిసి ఉన్న పనులు. చదివేవారున్న కాలంలో ఈ పనులు అధ్యయనంలో భాగంగా జరిగిపోయేవి. చదువరులు తగ్గిన గ్రంథాలయాలలో మూట మిగిలి, మిగిలిన పనులు నిలిచిపోయాయి. పదేండ్ల క్రిందటి మూట పెట్టెలో భద్రంగా ఉండగా ప్రక్కనే గ్రంథం పొడి అయిపోవడానికి కారణం ఇదే. ఉగ్రగంధ అనిపించుకున్న దుంప గంధం పోయిన పిదప ఉత్త కట్టెముక్క. దాని స్థానంలో క్రొత్తది ఉంచడానికి పెట్టె తెరిచే చేయి కావాలి. గ్రంథాన్ని పరిశీలించే అవకాశం కూడా అప్పుడే కలుగుతుంది.